షెడ్డుకి గాలి పెట్టే వేళ

30 నవంబరు 1986, ఆదివారం

షెడ్డులో పొద్దున ఇరవై మూడు డిగ్రీలు. మధ్యాహ్నానికి ఇరవై తొమ్మిది. ఇలా అయితే నా వరిగడ్డి పుట్టగొడుగులు లేచినట్టే! వాటికి పగలైనా రాత్రయినా ముప్పైకి తగ్గకూడదు. ట్రైనింగులో మేడం మరీ మరీ చెప్పింది: "విత్తనం చల్లాక, బూజు గడ్డి అంతా పాకేదాకా వెచ్చగా మూసి ఉంచండి, తలుపు తియ్యొద్దు. గుడ్డు, అంటే పుట్టగొడుగు మొగ్గ, కనబడిన రోజు నుంచి మాత్రం పూటపూటా గాలి పెట్టండి. గాలి లేకపోతే గుడ్డు పసుపెక్కి అక్కడే చస్తుంది." మిగతా ఆడవాళ్ళంతా అక్కడికి టీ తాగడానికి, చీరలు చూపించుకోవడానికి వచ్చారు. నేర్చుకున్నది నేనొక్కదాన్నే. ఇవాళ కూర్మన్నపాలెం జంక్షన్‌లో దిగి పుట్టగొడుగుల రమణమ్మగారిల్లు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు.

బీచ్ రోడ్డు హోటల్లో వంటమాస్టరు మళ్ళీ కబురు చేశాడు. కొత్త సంవత్సరం విందుకి, ముప్పై ఒకటో తారీకు పొద్దున్నే, విచ్చుకోని గుడ్లు రెండు బుట్టలు కావాలట. ఇస్తానన్నాను. అన్నానంటే ఇస్తాను.

కోడలికి నెలలు నిండాయి. పొద్దుటి నుంచి నడుం పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు కూడా నా నెత్తినే పడింది. మా కృష్ణా జిల్లాలో పిల్లలే కరువైనట్టు, మా సత్యం ఎలమంచిలి బస్సులో చూసి తెచ్చుకున్నాడు ఈ గౌరీశ్వరిని. కాపరానికి వచ్చి రెండేళ్ళయినా ఆ "నాను", ఆ "ఏటి" నోట్లోంచి పోలేదు. అత్తయ్యగారూ అనవే అంటే "అత్తా" అంటుంది. ఆ పిలుపు వినబడితే నాకు ఒంటికి కారం రాసినట్టుంటుంది.

3 డిసెంబరు

చలి. గోనెపట్టాలు రెండు వరసలు కట్టినా షెడ్డు ఇరవై రెండు దాటి చావలేదు. వేడినీళ్ళ డేగిసాలు మోసి మోసి పనిమనిషి అసిరమ్మ సణుగుతోంది. దాని సణుగుడు వింటే షెడ్డు వేడెక్కుతుందా? అటక మీద మా అత్తగారి నాటి ఇనప కుంపటి ఉంది. రేపు బొగ్గులు తెప్పించాలి.

5 డిసెంబరు

నా ఖర్మ. నిన్న సాయంత్రం షెడ్డులో కుంపటి పెట్టి, తలుపు, కిటికీలు అన్నీ బిగించి వచ్చాను. పొద్దున తలుపు తియ్యగానే థర్మామీటరు ముప్పై మూడు చూపించింది. ఎంత సంతోషించానో! ఆ సంతోషం గడ్డి బెడ్ల మీద పట్టా ఎత్తేదాకానే. బియ్యపుగింజలంత గుడ్లు నిన్నటికి తెల్లగా మెరుస్తున్నవి, ఇవాళ పసుపెక్కి, ముట్టుకుంటే నీరు కారాయి. రెండు బెడ్లూ పోయాయి.

గడ్డిమోపుల వెనక దొంగపిల్లి పిల్లల్ని పెట్టినట్టుంది. నాలుగూ వరసగా పడుకుని ఉన్నాయి, నిద్రపోతున్నట్టే. నోళ్ళు తెరుచుకుని, లోపల ఎర్రగా. తల్లి గుమ్మం బయట అరుస్తోంది.

సత్యం పరుగున వచ్చి ముందు కిటికీలు తీశాడు. కుంపటి తనే ఎత్తి పెరట్లో పెట్టాడు.

"బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూస్తే ఇంతేనమ్మా. దాని గ్యాసు కంటికి కనబడదు, వాసన రాదు. ముందు తలనొప్పి, తర్వాత వాంతులు, తర్వాత నిద్ర. ఆ నిద్రలోనే పోతారు. స్టీలు ప్లాంటులో చేరిన మొదటి రోజే మాకు చెప్పారు. ఇంకెప్పుడూ మూసిన గదిలో దీన్ని పెట్టకు."

"సరేలేరా, ఇప్పుడు తెలిసింది కదా" అన్నాను.

గౌరీశ్వరి పిల్లికూనల కోసం కూర్చుని ఏడ్చింది. కడుపుతో ఉన్నదానివి ఆ చావులు చూడకూడదు, లోపలికి పో అని కసిరితే, "ఏటత్తా, అవి మాత్రం పానం కాదేటి?" అంది. నా రెండు బెడ్లు పోయినందుకు మాత్రం ఒక్క చుక్క రాల్చలేదు మహాతల్లి.

8 డిసెంబరు

సత్యం ట్రైనింగుకని భిలాయి వెళ్ళాడు. సంచీ భుజాన వేసుకుని "గౌరిని చూసుకోమ్మా" అన్నాడు. నా మోకాళ్ళ నొప్పులు, బీపీ, అవేవీ వాడికి గుర్తు రాలేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అది ముందుగది కిటికీలో నిలబడింది. సందు మలుపు దాకా వెనక్కి తిరిగి తిరిగి చూశాడు నా కొడుకు. కిటికీ వైపే.

ఎవరితో చెప్పుకోను?

11 డిసెంబరు

మగపిల్లాడు! అచ్చం మా ఆయన ముక్కు. ఆయన ఉండి చూడాల్సింది.

13 డిసెంబరు

కొత్త విత్తనం చల్లాను. నాలుగు బెడ్లు. ఈసారి కుంపటీ లేదు, గింపటీ లేదు. డేగిసాలతో వేడినీళ్ళే, అసిరమ్మ చచ్చినట్టు మోస్తుంది. ముప్పై ఒకటో తారీకుకి అందుతాయి.

15 డిసెంబరు

ఆస్పత్రి నుంచి బాలింతని తీసుకొచ్చాం. ముందుగది సిద్ధం చేశాను. కిటికీ రెక్కలు మూసి మేకులు కొట్టించాను. వెంటిలేటర్లో గోనెగుడ్డ కూరించాను. చెవుల్లో దూది, తలకి గుడ్డ, నులకమంచం, అరుగుదలకి శొంఠీ మిరియాలూ దంచిన కాయం ఉండ, వెల్లుల్లి కారం, గోరువెచ్చని నీళ్ళు గ్లాసుకి సగం. పచ్చి బాలింతకి గాలి తగిలితే వాతం కొడుతుంది. మా అత్తగారు నన్ను నెల్లాళ్ళు ఇలాగే మూసింది. నేను చచ్చానా?

మహారాణికి నచ్చలేదు. "అత్తా, మా పెద్దమ్మ పురిటిగదికి కిటికీ ఒకటి తీసే ఉంచేది. ఇలగ మూసేత్తే నాకు ఊపిరాడదు. ఒక్క రెక్క తీయించండత్తా."

"ఊపిరాడకపోతే ఇన్ని మాటలు ఎలా వస్తున్నాయే నీకు?" అన్నాను. నాకే నవ్వొచ్చింది.

అసిరమ్మ నవ్వలేదు. "పోనీ ఒక్క రెక్కేనమ్మా" అని గొణిగింది. నువ్వు వెళ్ళి అంట్లు తోముకో అన్నాను.

షెడ్డులో అదనంగా ఉన్న థర్మామీటరు తెచ్చి పురిటిగదిలో మేకుకి తగిలించాను. ఇరవై నాలుగే ఉంది. చాలదు. ఇప్పుడిది విత్తనం పాకే దశ. వెచ్చగా, మూసి ఉండాలి. గాలి పెట్టే రోజు వచ్చినప్పుడు నేనే పెడతాను. ఎప్పుడు పెట్టాలో ఈ ఇంట్లో నాకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

16 డిసెంబరు

కుంపటి పురిటిగదిలో పెట్టించాను. సాంబ్రాణి వెయ్యడానికి మాత్రమే. పూటకో పావుగంట. పెరట్లో ఊరికే తుప్పు పట్టిపోతోంది.

షెడ్డు సంగతి వేరు. షెడ్డుది రేకు తలుపు, ఎక్కడా సందు లేదు, అందుకని అలా అయింది. ఈ గది తలుపు కింద వేలు పట్టేంత సందుంది.

18 డిసెంబరు

గది ముప్పై. ఇప్పుడు బాగుంది. సాంబ్రాణి అయ్యాక మాటిమాటికీ కుంపటి తీసి పెట్టడం ఎందుకని అక్కడే ఉంచేస్తున్నాను. తెల్లవారేదాకా వెచ్చగా ఉంటుంది.

పిల్లవాడు బంగారం. అసలు ఏడవడు. ఎప్పుడు చూసినా నిద్రే. పాలకి కూడా లేపాల్సి వస్తోంది. ఇంత నెమ్మది గల పిల్లవాణ్ణి నేను చూడలేదు.

"తల పగిలిపోతందత్తా. పొద్దున లేత్తే కళ్ళు తిరిగిపోతన్నాయి. ఆ కుంపటి తీసేయండత్తా, మీకు దండం పెడతాను" అంటుంది బాలింత. పొద్దున కాయం ఉండ కక్కేసింది. నెయ్యి పోసి చేసిన కాయం! కావాలనే కక్కింది. పథ్యం తప్పించుకునే వేషాలు నాకు తెలీవనుకుంటోంది.

19 డిసెంబరు

దానికి మళ్ళీ తలనొప్పట. నాకు లేదా తలనొప్పి?

21 డిసెంబరు, ఆదివారం

పురుటిస్నానం. తలంటి పెరట్లో ఎండలో కూర్చోబెట్టాను. గంట తిరిగేసరికి తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, అన్నం రెండోసారి అడిగి వేయించుకుంది. ఇంకేం కావాలి రుజువు? గదిలో ఉండమంటే తలనొప్పి, పెరట్లో కబుర్లంటే ఆరోగ్యం! దొంగ.

దాని తండ్రి తవిటయ్య వచ్చాడు ఎలమంచిలి నుంచి. ఆకులో చుట్టి సొరచేప తెచ్చాడు. "ఇది పిట్టు సేసి పెడితే బాలింతకి పాలు పడతాయి సెల్లెమ్మా" అన్నాడు. ఇల్లంతా కంపు. ఆయన అటు తిరగ్గానే అసిరమ్మకి ఇచ్చేశాను.

ముందుగదిలోకి తొంగి చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేటి సెల్లెమ్మా, కొలిమిలాగుంది. కిటికీకి మేకులేటి?"

"మీ అమ్మాయికి వాతం కొడితే ఎవరు చూస్తారు? మీరా?"

కండువా తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. మళ్ళీ తీశాడు. "పదకొండు కడిగేసినారు కదా. గుంటని నాల్రోజులు మా ఇంటికి తీసుకెల్తాను. మా పెద్దకోడలు సూసుకుంటాది. తల్లి నేని గుంట సెల్లెమ్మా."

గౌరీశ్వరి మొహం ఎలా వెలిగిపోయిందో చూడాలి! అప్పుడే చీర సర్దుకుంటోంది, బస్సు గుమ్మంలోకి వచ్చినట్టు.

"నెల తిరక్కుండా బాలింత గుమ్మం దాటకూడదు. మీ వైపు ఎలాగో నాకు తెలీదు. మా ఇంట్లో ఇంతే" అన్నాను. "సత్యం కూడా పంపొద్దనే చెప్పి వెళ్ళాడు."

సత్యం అలా చెప్పలేదు. అడిగితే చెప్పేవాడే.

ఆడపిల్లని ఇచ్చుకున్నవాడు, ఏమంటాడు? వెళ్తూ వెళ్తూ దాని తల మీద చెయ్యి పెట్టి, "వచ్చే నెల వత్తానమ్మా" అన్నాడు. అది ఆ కండువా కొస పట్టుకుని వదలదే! నేనే వెళ్ళి వేళ్ళు విడిపించాల్సి వచ్చింది.

22 డిసెంబరు

పిల్లవాణ్ణి నా గదిలోకి తెచ్చేసుకున్నాను. తల్లికి పాలు చాలడం లేదు, డబ్బాపాలు పడుతున్నాను. నా చేతి మహిమ చూడండి, ఇవాళ సాయంత్రానికల్లా వాడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు! కాళ్ళు తన్నాడు, సీసా ఖాళీ చేశాడు. ఇన్నాళ్ళూ అక్కడ మత్తుగా పడున్నవాడు. పెంచడం తెలియని చేతుల్లో ఉంటే పసివాళ్ళు అలాగే వాడిపోతారు.

"బాబుని ఒక్కపాలి నా పక్కన పడుకోబెట్టండత్తా."

"పాలు పడనీ, ఇస్తాను."

తలుపు దగ్గరే కూర్చుని ఏడ్చింది చాలాసేపు. దాని బుగ్గలు మాత్రం ఎర్రగా, దానిమ్మగింజల్లా ఉన్నాయి. అంత ఎర్రని మనిషికి జబ్బేమిటి? మంచం దిగకుండా నెయ్యి తింటే ఎవరైనా అలాగే ఉంటారు.

23 డిసెంబరు

గుడ్లు కనబడ్డాయి!! నాలుగు బెడ్లలోనూ! ముత్యాలు చల్లినట్టు ఉన్నాయి. పట్టాలు తీసేశాను. ఈ రోజు నుంచి గాలి. పొద్దున ఆరింటికి అరగంట, పదకొండింటికి కాసేపు, సాయంత్రం ఐదింటికి అరగంట. కిటికీలు రెండూ ఎదురెదురుగా తీస్తే సముద్రం గాలి ఇటు నుంచి అటు పోతుంది. చీర కొంగు ఎగురుతుంది. అక్కడ నిలబడితే నాకే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది.

పురిటిగది తలుపు కింద సందులో పాత గుడ్డ చుట్టి కూరాను. అక్కణ్ణించి వేడి పోతోంది. చీమలు కూడా వస్తున్నాయి. చీమల కోసమే.

24 డిసెంబరు

ఎంత పని చేసిందో!

సాయంత్రం ఐదింటికి షెడ్డు కిటికీలు తీసి, పిల్లవాడికి పాలు కలుపుదామని లోపలికి వచ్చాను. తిరిగి వెళ్తే, బెడ్ల మధ్య నిలబడి ఉంది గౌరీశ్వరి! తల మీద గుడ్డ లేదు, చెవుల్లో దూది లేదు. కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకుని, మొహం ఆనించి, నోరు తెరిచి గాలి తాగుతోంది. అవును, తాగుతోంది. కుక్క నీళ్ళు తాగినట్టు. నేను వచ్చింది కూడా తెలీలేదు దానికి.

"ఒసేయ్! మైలదానివి నా బెడ్లలో అడుగు పెట్టావా!"

"మైలేటత్తా, మొన్న కడిగేసినారు కదా." కాళ్ళు నిలవడం లేదు, చువ్వలు పట్టుకునే మాట్లాడుతోంది. "ఒక్క అరగంట ఇక్కడే ఉంటాను. దేన్నీ ముట్టుకోను. మీరు వీటికి గాలి పెడతన్నారు కదా, ఆ ఏళకి నన్నూ తీసుకొచ్చి ఓ మూల నిలబెట్టండి. అదే సాలు. ఆ గదిలో కుంపటి ఉంటే నాను సచ్చిపోతానత్తా. ఆ పిల్లికూనలు సచ్చిపోలేదేటి? సత్యం బావ సెప్పలేదేటి మీకు?"

మొగుణ్ణి పేరు పెట్టి బావ అంటుంది! అదీ నా మొహం మీద. నా కొడుకు నాతో చెప్పిన మాట నాకే అప్పజెబుతుంది.

జుట్టు పట్టుకున్నానేమో. గుర్తులేదు. అసిరమ్మ అడ్డొచ్చి, "ఒగ్గేయండమ్మా, పచ్చి బాలింత, ఒగ్గేయండి" అని నా చేతులు పట్టుకుంది. ముగ్గురం ఆ గొడవలో ఒక బెడ్డుకి తగిలాం. దాని అంచున గుడ్లు ఎన్ని చితికాయో!

తీసుకెళ్ళి గదిలో పడేసి బయట గొళ్ళెం పెట్టాను. తిండికీ దొడ్డికీ నేనే తీస్తాను. అసిరమ్మని తియ్యొద్దన్నాను, తీస్తే రేపటి నుంచి రానక్కర్లేదన్నాను. దానికి ముగ్గురు పిల్లలు, మొగుడు తాగుబోతు. తియ్యదు.

ఒంటికి చలిగాలి పట్టించుకుంది కాబట్టి కుంపట్లో నాలుగు బొగ్గులు ఎక్కువే వేశాను. దాని మంచికే.

25 డిసెంబరు

షెడ్డు ముప్పై ఒకటి. గది ముప్పై మూడు. గుడ్లు బఠాణీలంత అయ్యాయి.

సాయంత్రం షెడ్డుకి గాలి పెడుతుంటే ముందుగది తలుపు కొట్టింది రెండుసార్లు. గిన్నెలో అన్నం పెట్టి వెళ్ళానా, ముట్టుకోలేదు. మాట తడబడుతోంది. "కుంపటి" అంటుంది, "బాబు" అంటుంది. పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు, నాకు తీరిక లేదు.

తర్వాత కొట్టలేదు. బుద్ధొచ్చినట్టుంది.

26 డిసెంబరు

పొద్దున షెడ్డుకి గాలి పెట్టాను. కాఫీ కలుపుకున్నాను. పిల్లవాడికి పాలు పట్టాను. అప్పుడు గొళ్ళెం తీశాను. తలుపు రాలేదు. ఏదో అడ్డం ఉంది.

అది మంచం మీద లేదు. తలుపు దగ్గర నేల మీద బోర్లా పడుకుని, మొహం సందుకి ఆనించి ఉంది. నేను కూరిన గుడ్డ సగం లోపలికి లాగి ఉంది. మిగతా సగం రాలేదు. గట్టిగా కూరాను కదా.

బుగ్గలు ఎర్రగానే ఉన్నాయి. అందుకే నిద్రపోతోందనుకున్నాను. రెండుసార్లు పిలిచాను.

కుంపటి పెరట్లోకి తీసుకెళ్ళి నీళ్ళు పోశాను. గుడ్డ తీసేశాను. తర్వాత అసిరమ్మని కేకేశాను.

మా వీధి డాక్టరు వచ్చి నాడి చూశాడు. "మొన్న సాయంత్రం చెప్పినా వినకుండా పెరట్లోకి వెళ్ళి చలిగాలిలో నిలబడింది బాబూ, వాతం కొట్టింది" అని చెప్పాను. ఆయన తలూపాడు. వచ్చిన ఆడవాళ్ళందరికీ అదే చెప్పాను. అందరూ ముక్కున వేలేసుకున్నారు. పచ్చి బాలింత గాలికి నిలబడడమేమిటమ్మా అన్నారు. అసిరమ్మ మాత్రం గోడ వైపు తిరిగి నిలబడింది.

సత్యానికి టెలిగ్రాం ఇప్పించాను.

27 డిసెంబరు

ఆ చలిగాలి కొట్టడమే.

28 డిసెంబరు

నిన్న మధ్యాహ్నం సత్యం వచ్చాడు. వాడొచ్చేదాకా మంచుదిమ్మల మీద ఉంచాం. సాయంత్రానికి అంతా అయిపోయింది. తవిటయ్య ఏడుపు ఊరంతా వినబడింది. ఆ మనిషి అలా ఏడవకూడదు, నలుగురిలో.

సత్యం ఏడవలేదు. ఇవాళ పొద్దున పటకారు తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. కిటికీ మేకులు ఒక్కొక్కటే పీకాడు. నేను గుమ్మంలో నిలబడి, కాఫీ చల్లారిపోతోందిరా అన్నాను. అన్నీ పీకాక రెక్కలు తెరిచాడు. గోడకున్న థర్మామీటరు చూశాడు.

"కుంపటి ఎక్కడుందమ్మా?"

"పెరట్లో. ఇంకెక్కడ ఉంటుంది? నువ్వు పెట్టిన చోటే."

వెళ్ళి చూశాడు. బూడిద ఇంకా తడిగా ఉంది. తిరిగొచ్చి కాఫీ తాగకుండా పిల్లవాణ్ణి ఎత్తుకుని వీధి అరుగు మీద కూర్చున్నాడు.

ఏదైనా అడిగితే చెబుదామని అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. తలుపుకి సందు ఉంది. గుడ్డ చీమల కోసం. సాంబ్రాణి కోసమే కుంపటి. మా అత్తగారు నన్నూ ఇలాగే మూసింది. వాడు అడగడే!

31 డిసెంబరు

గుడ్లు కోశాను. ఎంత బాగా వచ్చాయో! ఒక్కటి విచ్చుకోలేదు, ఒక్కటి పసుపెక్కలేదు. రెండు బుట్టలు నిండి ఇంకా మిగిలాయి.

బుట్టలు బస్సు దాకా మొయ్యమంటే అసిరమ్మ, "ఇంట్లో మైల కదమ్మా, పదో రోజైనా కాలేదు" అంది.

"పుట్టగొడుగులకి మైలేమిటే?" అన్నాను.

నా మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో అది నా మొహంలోకి అలా చూడటం ఇదే మొదలు. "ఆ గుంట నిలబడితే వొచ్చింది కదమ్మా మైల" అంది. చీపురు గోడకి ఆనించి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. పొమ్మన్నాను. నోటికి వచ్చినంతా తిట్టాను. వీధి మలుపు దాకా వినబడేట్టు తిట్టాను.

నేనే మోసుకెళ్ళాను. వంటమాస్టరు ఒక గుడ్డు కోసి చూసి, "ఇంత తెల్లగా ఎలా పెంచారమ్మగారూ?" అన్నాడు.

"గాలి" అన్నాను. "వేళకి గాలి పెట్టాలి బాబూ. అదే రహస్యం."

8 జనవరి 1987

కర్మలు అయిపోయాయి. సత్యం పిల్లవాణ్ణి ఎలమంచిలి తీసుకెళ్ళిపోయాడు. తవిటయ్య పెద్దకోడలు పెంచుతుందట. ఆవిడకీ చంటిపిల్ల ఉందట, పాలు పడుతుందట. నా మనవడు ఆ పల్లెటూళ్ళో నాను, ఏటి అంటూ పెరుగుతాడు!

కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గేమిటి, నిజంగానే కాళ్ళు పట్టుకున్నాను కన్నకొడుకువి. ఒక్క నెల ఉంచరా అన్నాను. నా చేతుల్లోకి వచ్చాకే వాడు కోలుకున్నాడురా అన్నాను. వాడు పిల్లవాడి బట్టలు సంచీలో సర్దుతూనే ఉన్నాడు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. "వాళ్ళకేం తెలుసురా పసివాణ్ణి పెంచడం? ఎప్పుడు వెచ్చగా మూయాలో, ఎప్పుడు గాలి పెట్టాలో ఎవరికి తెలుసు? నాకు తెలుసు!"

సంచీ భుజాన వేసుకున్నాడు. పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు.

"నీకు తెలుసమ్మా" అన్నాడు. "నేనే చెప్పాను కదా."

అరవలేదు. అరిచినా బాగుండేది. సందు మలుపు దాకా చూశాను. ఈసారి వెనక్కి తిరగలేదు.

వస్తాడు. ఎక్కడికి పోతాడు, తల్లిని కాదా నేను?

సాయంత్రం ఐదింటికి షెడ్డు కిటికీలు తీశాను. పాత బెడ్లలో ఇంకో విడత గుడ్లు వస్తున్నాయి. హోటలాయన సంక్రాంతికి మరో రెండు బుట్టలు అడిగాడు. షెడ్డులో చోటు చాలదు. ముందుగది ఖాళీగానే ఉంది కదా, నులకమంచం తీసేస్తే రెండు బెడ్లు పడతాయి. వెళ్ళి నిలబడి చూశాను. మేకులు పోయాక ఆ కిటికీలోంచి గాలి ఎంత బాగా వస్తోందో! సందు మలుపు దాకా కనబడుతుంది కూడా.

థర్మామీటరు అక్కడే ఉంది. ఇరవై ఐదు.